కొంగు మీద రెండు ఖాళీలు

కవచం అంటే చిల్లు లేనిదని లోకాభిప్రాయం. మన కవచ స్తోత్రాలు ఆ నమ్మకంతోనే తల నుంచి కాలిగోరు దాకా ఒక్కో అవయవాన్ని ఒక్కో దేవుడికి అప్పగిస్తాయి, పంచాయతీలో వార్డులు పంచినట్టు. మోకాలు దక్కిన దేవుడు ఏమనుకున్నాడో ఏ స్తోత్రకర్తా అడిగినట్టు లేదు.

ధర్మవరం నేతగాడు శ్రీరంగప్పకు ఈ అభిప్రాయం స్తోత్రాల వల్ల వచ్చింది కాదు. చీరల కొంగులకు గ్రాఫు కాగితం మీద నమూనా గీయడం, దాన్నిబట్టి, ఏ పోగు లేపాలో మగ్గానికి చెప్పే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టడం, ఇంటి మగ్గం మీద తానే నేయడం అతని వృత్తి. శూన్యం గురించి తత్త్వవేత్తలు శతాబ్దాలుగా వాదించుకున్నారు. ధర్మవరంలో ఆ వాదం ఒక్క క్షణంలో తేలిపోతుంది: నమూనాలో ఖాళీ కనబడితే, నేసినవాడు గుడ్డివాడు. అరవై దాటి, నిరుడు కంటిపొర తీయించుకున్న శ్రీరంగప్పకు అది ఉత్త వాదం కాదు. ఒక్క లోపం దొరికితే చాలు, పని ఇచ్చే సావుకారు హనుమంతప్ప మరొకరిని చూసుకుంటాడు.

అతని అక్క కూతురు అంజలి బెంగళూరులో పరిశోధన చేస్తోంది. సూర్యుడి నుంచి ఎడతెగక వీచే విద్యుత్కణాల గాలి ఆమె విషయం. పరీక్షకుల ముందు తన పని వినిపించే రోజున కట్టుకోవడానికి, ఆ పని బొమ్మే కొంగు మీద ఉన్న చీర కావాలని గీసి పంపింది. ఒక పక్క సూర్యుడు, నడుమ భూమి. భూమి చుట్టూ, ఆ గాలిని అడ్డుకునే కవచంగా, అయస్కాంత రేఖలు ఎండ పక్క గుమ్మటంలా వంగి, చీకటి పక్క తోకలా సాగి ఉన్నాయి. రెండు ధ్రువాల మీదా గరాటు ఆకారంలో ఒక్కో ఖాళీ.

పిల్ల తొందరలో మరిచిపోయిందనుకుని శ్రీరంగప్ప వాటిని దయతో మూసేశాడు.

చీర చూడడానికి వచ్చిన అంజలి మడత విప్పి కొంగు పరిచి చూసింది.

"మామా, ఈ గరాట్లు యాడ పోయినాయి?"

"మూసినా. నువ్వు మర్సిపోయింటివి."

"మర్సిపోలేదు మామా! సూర్యుడి గాలి లోపలికొచ్చేది ఆడనే. గాలి గట్టిగా తోస్తే ఆ నోరు వెడల్పయితాది. గాలి మోసుకొచ్చే అయస్కాంతం దక్షిణానికి తిరిగితే, నోరు ధ్రువం పక్క నుంచి కిందికి జారతాది. ఇన్నేండ్లు నేను సదివింది ఆ రెండు ఖాళీలనే."

పక్కన కండెలకు పట్టుదారం చుడుతున్న అతని భార్య ఆంజినమ్మ తల ఎత్తలేదు. "ఖాళీని సదివేకి బెంగళూరు దాకా పోవల్లా? మీ మామ తలకాయ సదివింటే సరిపోతాండె."

"నువ్వు నోరు మూయ్," అన్నాడు శ్రీరంగప్ప.

"నాదేమన్నా కొంగు మీద నోరా, నువ్వు మూస్తే మూసుకునేకి?"

అంజలి నవ్వలేదు. "ఇది కట్టుకొని పోతే ఆడ నన్ను చూసి నవ్వుతారు మామా."

"తెరిచి నేస్తే ఈడ నన్ను చూసి నవ్వుతారు. హనుమంతప్ప కండ్లు నా కండ్ల మీదనే ఉండాయి. అయినా గాలి జొరబడే కవచం ఏం కవచం పాపా?"

"జొరబడతానే ఉండాది, మనం బతుకుతానే ఉండాం. భూమి అయస్కాంతమైనాక ఆ నోళ్ళు ఉండాల్సిందే."

అంజలి వెళ్ళిపోయాక శ్రీరంగప్ప గ్రాఫు కాగితం పరిచి, ఖాళీలు మూయడానికి తాను చేర్చిన గీతల మీద వేలు పోనిచ్చాడు. తక్కిన ప్రతి గీతా ఎండ పక్కకో చీకటి పక్కకో వెళుతోంది. ఇవి మాత్రమే ఎటూ పోవడం లేదు. అవి భూమివి కావు, సూర్యుడివీ కావు, హనుమంతప్పవి.

దీన్ని జ్ఞానోదయం అనడానికి నేను సిద్ధంగా లేను. తాను గీసిన తప్పు గీతను గుర్తుపట్టడం గీసేవాడి కనీస ధర్మం. అయితే కనీస ధర్మం పాటించినవాళ్ళు కూడా నాకు అంత విరివిగా తారసపడలేదు.

మూసిన చీరను హనుమంతప్ప పద్మం నమూనా అనుకుని, మెచ్చుకుని మరీ తీసుకుపోయాడు. శ్రీరంగప్ప అట్టలు మళ్ళీ కొట్టి రెండో చీర మొదలుపెట్టాడు. కొంగు సగమయ్యేసరికి హనుమంతప్ప వచ్చి మగ్గం మీదికి వంగాడు.

"ఏమప్పా, కండ్లు పూర్తిగా పోయినాయా? ఈ బొక్కలేంది?"

"కండ్లు బాగుండాయన్నా. ఆడ ఖాళీ ఉండాది, ఖాళీనే నేసినా."

హనుమంతప్ప తర్వాతి నమూనాను తిప్పేష్ అనే మరో నేతగాడికి ఇచ్చాడు. శ్రీరంగప్ప రెండు ఖాళీలనూ అలాగే ఉంచి కొంగు పూర్తిచేసి, చీర మగ్గం మీంచి కోసి అంజలికి పంపాడు.