అన్నయ్య కారుకు దొరికిన కన్వర్టరు

మొన్న బాపట్ల నుంచి తెనాలి వస్తూ ఉండగా మా బస్సు పొన్నూరు దాటాక ఆగిపోయింది. మాడిన ఆయిలు వాసన గుప్పున కొట్టేసరికి, చుట్టూ అందరూ డ్రైవరును విసుక్కుంటున్నా నాకు మాత్రం మా పెద్దన్నయ్య కారు, ఆయన చివరిసారి స్టీరింగు పట్టుకున్న రోజు గుర్తుకొచ్చి మనసంతా వికలమైపోయింది.

చిన్నప్పుడు వచ్చిన పోలియోతో అన్నయ్య ఎడమకాలు చచ్చుబడింది. ఆ కాలితో క్లచ్చి తొక్కడం కుదరదు గనుక, గేర్లు వాటంతటవే మారే పాత విదేశీ కారు ఒకటి మద్రాసులో వెతికి తెచ్చుకుని, మందుల కంపెనీ ఏజెంటుగా తెనాలి, బాపట్ల, రేపల్లె షాపులన్నీ తిరిగేవాడు. రేపల్లె బళ్లో నాకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చాక, సోమవారం పొద్దున్నే నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని తీసుకువెళ్లేవాడు. కర్ర పట్టుకుని నడిచేటప్పుడు తల వంచుకునే మనిషి, ఆ సీట్లో కూర్చుంటే కూనిరాగాలు తీస్తూ ఎదురొచ్చిన వాళ్లనల్లా వరస పెట్టి పలకరించేవాడు.

ఒక కార్తీకమాసంలో ఆ కారు టార్క్ కన్వర్టరు పాడైపోయింది. ఇంజను బలాన్ని ఆయిలు ద్వారా గేర్లకు అందించే గుమ్మడికాయంత ఇనప డబ్బా అది. క్లచ్చి లేని లోటు అదే తీరుస్తుంది. మద్రాసు పాత సామాన్ల బజారులో సరిపోయేది ఒక్కటే దొరికింది, అదీ పందెం కారులోంచి విప్పినది. మామూలు కారుది కావాలంటే విదేశం నుంచి రావాలి, ఎప్పటికి వస్తుందో తెలియదన్నారు. మేము బాబాయి అని పిలిచే మెకానిక్కు ససేమిరా వద్దన్నాడు.

"ఇది రేసు బండిదయ్యా. ఇంజను గట్టిగా అరిస్తేగానీ కదల్దు, కదిలితే ఒక్కసారే దూకుద్ది. మెల్లగా పోయావంటే ఆయిలు కాగిపోద్ది. మన రోడ్లకి పనికిరాదు."

"నెలల తరబడి ఇంట్లో కూర్చుంటే ఉద్యోగం ఉంటుందేంటి బాబాయ్? బిగించెయ్," అన్నాడు అన్నయ్య.

ఖాళీ రోడ్డు మీద బాగానే పోయేది. కానీ అవి వరికోతల రోజులు. ఆ సోమవారం భట్టిప్రోలు దాటాక గడ్డిబండ్లు బారులు తీరి మా ముందు నడుస్తున్నాయి. పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. నత్తనడకన చాలాదూరం పోయాక కింద నుంచి పొగ లేచింది. గేర్‌బాక్సు కూడా మాడిపోయింది. అన్నయ్య దిగకుండా అలాగే కూర్చుని, "నువ్వు బస్సెక్కమ్మా, బడికి టైమవుతోంది," అన్నాడు. నేను వెళ్లలేదు. చివరికి ఆ గడ్డిబండి వాళ్లే తాడు కట్టి కారును లాక్కొచ్చారు.

మందుల కంపెనీ, అన్నయ్య తిరిగే ఊళ్ల లైను వేరొకరికి ఇచ్చేసింది. విదేశానికి రాసిపెట్టిన సరైన కన్వర్టరు వానాకాలంలో పెట్టెలో వచ్చింది గానీ, బిగించడానికి గేర్‌బాక్సు ఏది? అన్నయ్య ఆ పెట్టె విప్పి చూడను కూడా లేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ వీధిగదిలోనే గడిపాడు. కూనిరాగం మళ్లీ వినలేదు.

ఇప్పుడు తెనాలి మెయిన్ రోడ్డులో క్లచ్చి లేని కార్లు ఎన్నో. రెండు కాళ్లూ బాగున్నవాళ్లే, శ్రమెందుకని, ఎడమకాలు పక్కన పెట్టుకుని హాయిగా నడుపుకుంటున్నారు. వాళ్లను చూసినప్పుడు సంతోషించాలనే అనుకుంటాను, ఇంతవరకూ చేతకాలేదు.