హద్దురాయికి మాటలొచ్చిన కథ

నా సిరాబుడ్డి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. అది చాలదంటే బొమ్మలు గీసే నా కుడిచెయ్యి కూడా పందెం. ఆ చెయ్యి సామాన్యమైనది కాదు. పగలు ఆఫీసులో ఫైళ్లు రాస్తుంది, సాయంత్రం బొమ్మల కథలు గీస్తుంది. కథ నాదే, బొమ్మ నాదే, అచ్చు వేయించేదీ, ఉప్పల్ రింగురోడ్డు బస్టాపులో నిలబడి అమ్మేదీ నేనే.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి రెండు మూడేళ్ల ముందు సంగతి. రింగురోడ్డు దగ్గర మెట్రో స్తంభాలకు గోతులు తవ్వుతున్నారు. కోస్తా నుంచి వచ్చిన మేము నాచారంలో రెండు గదుల పోర్షనులో ఉండేవాళ్లం. వెలుతురొచ్చే కిటికీ ఒక్కటే. దాని కింద నా బొమ్మల బల్ల. మా ఆవిడ కుట్టుమిషను మాత్రం వంటగది మూల, చీకట్లో. వీధి వీధంతా జాకెట్లు ఆమెకే ఇచ్చేవాళ్లు. ఒక రోజు సూదిలో దారం మూడోసారి తప్పేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"ఏమండీ, ఎవరైనా చివరి పేజీ దాకా చదివిన పుస్తకం ఒక్కటి, మీరు గీసింది, చూపించండి."

"ఇప్పుడు గీస్తున్నది చదువుతారు."

"చదవకపోతే?"

"బల్ల అటకెక్కిస్తాను. కిటికీ నీ మిషనుకి."

"మాట మీద నిలబడతారా?"

"నేనెప్పుడైనా మాట తప్పానా?"

దానికి ఆమె ఇచ్చిన జవాబు ఇక్కడ రాయను.

అప్పుడు నేను గీస్తున్న కథ ఇది. నారపల్లిలో ఒక గుమాస్తా ప్లాటు కొంటాడు. ఇల్లు మాత్రం కట్టడు. విసిగిపోయిన హద్దురాయి ఒక రోజు లేచి నడక మొదలుపెడుతుంది. వాడు దాని వెనకాల మేడిపల్లి మీదుగా ఉప్పల్ దాకా పరుగెత్తుతాడు. రాయి నడవడం నేనెక్కడా గీయలేదు. ఒక గడిలో చెట్టు పక్కన ఉంటుంది, తర్వాతి గడిలో బస్టాపులో ఉంటుంది. మధ్యలో దాన్ని నడిపించేది చదివేవాడే. బొమ్మల కథలో సగం పని వాడిచేత చేయించాలి, జీతం లేకుండా. ఈ కిటుకు నాకు బాగా తెలుసు.

తెలియనిది మాటలు రాయడం. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు, మాటల బుడగలో ఒక పట్టాన ఇమడదు. కొట్టేసి మళ్లీ రాస్తే బొమ్మ పాడవుతుంది. అందుకని బుడగలు ఖాళీగా గీసి, మాటలు వేరే ట్రేసింగు కాగితాల మీద రాసేవాణ్ణి. ప్రెస్సులో రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి అచ్చుకు సిద్ధం చేస్తారు.

నాచారం ఫ్యాక్టరీల మధ్య చిన్న ప్రెస్సు. నడిపేవాడు జనగామ వైపు మనిషి, నాకు పాత స్నేహితుడు. అయిదు వందల కాపీలు తెచ్చుకుందామని వెళ్తే మొహం వెలిగిపోతూ ఒకటి చేతిలో పెట్టాడు.

"అన్నా, బొమ్మలు మస్తుగొచ్చినయ్ సూడు!"

చూశాను. బుడగలున్నాయి. బుడగల్లో ఏమీ లేదు.

"మాటలేవయ్యా?"

ఆయన బిక్కమొహంతో బెంచీ కిందకి చూశాడు. నా ట్రేసింగు కాగితాలు అక్కడున్నాయి. వాటి మీద మిరపకాయ బజ్జీలు పెట్టుకుని తిన్నాడు. నా హీరో డైలాగులన్నీ నూనెలో మునిగిపోయాయి.

కట్టలు మోసుకుని ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూలబడ్డాను. కిటికీ పోయిందనే అనుకున్నాను. పక్కనే చాయ్ తాగుతున్న లేత్ మిషను కార్మికుడు ఒక కాపీ తీసి తిరగేశాడు.

"అన్నా, గీ బుడగలు మమ్ములనే నింపుకొమ్మన్నవా ఏంది?"

అబద్ధం నా నోటికి ఎప్పుడూ నా కంటే ముందు చేరుతుంది. "మరి? అదే దీని ప్రత్యేకత!"

అతను జేబులోంచి పెన్ను తీశాడు. హీరో రాయిని నిలదీసే గడిలో నేను రాసిన మాట, "ఓ శిలా! నీవెచటికి పోవుచున్నావు?" అతను రాసింది, "ఏయ్, యాడికి పోతున్నవ్? రిజిస్ట్రేషన్ అయింది!" రాయి బుడగలో, "నన్నడిగి చేయించినవా?"

హోటలు హోటలంతా నవ్వింది.  నారపల్లిలో ప్లాటు కొన్న గుమాస్తాకు నేను నాటకంలో రాజుగారి భాష తగిలించానన్నమాట.

మర్నాడు బస్టాపులో "బొమ్మలు నావి, మాటలు మీవి" అని అరుస్తూ అమ్మాను. వరంగల్ బస్సు కండక్టరు ఒకటి కొని, రాయికి ఏం జవాబు చెప్పాలా అని పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచిస్తూ రైటు చెప్పడం మరిచిపోయాడు. బస్సు కదలలేదు. వెనక పది బస్సులు హారన్లు కొట్టాయి.

వారం తర్వాత లేత్ అన్న తను నింపిన కాపీ తెచ్చి నాకిచ్చాడు. మా ఆవిడ దాన్ని మిషను మీద పెట్టుకుని చదివింది. చివరి గడిలో రాయి హీరో గుమ్మం ముందుకొచ్చి నిలబడుతుంది. దాని బుడగలో అతను రాశాడు: "నువ్వెట్లాగూ ఇల్లు కట్టవు. నేనే నీ తాన ఉంట తీ."

ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "బల్ల అక్కడే ఉండనివ్వండి," అంది.

అప్పటినుంచి ఖాళీ బుడగల పేజీలు ముందు ఆ చాయ్ హోటలుకే తీసుకెళ్తాను. వాళ్లు నవ్విన చోటే నా కథ నిలబడుతుంది.

ఇక ప్రమాణం సంగతి. మీ అనుమానం బస్సు మీదనే ఉంటుంది. బస్సు నిజం, హారన్లు కూడా. అబద్ధం బజ్జీలు.

బొమ్మలు అచ్చుకివ్వడానికి ప్రెస్సుకు బయలుదేరేటప్పుడు మాటల కాగితాల చుట్ట కుట్టుమిషను మీద మరిచిపోయింది నేను. "ఇవి పనికిరానివేనా?" అని మా ఆవిడ అడిగితే చెప్పులు వేసుకుంటూ "ఆఁ, తీసుకో" అన్నదీ నేనే. ప్రెస్సాయన ఫోను చేసి, "అన్నా, గిండ్ల మాటలు లేవేంది, గట్లనే కొట్టాల్నా?" అని అడిగాడు కూడా. "ఉన్నదున్నట్టు వెయ్యవయ్యా, నా పని నాకు నేర్పకు" అన్నాను.

పందెం గెలిచిన నెలకు మా ఆవిడ జాకెట్టు కొలతకు కత్తిరించిన ట్రేసింగు కాగితం ఒకటి నా ముందు పెట్టింది. ఎడమ చేతి ముక్క మీద నా అందమైన దస్తూరీలో "ఓ శిలా!" అని ఉంది.  ఆ సాయంత్రమే బల్ల వంటగది మూలకు జరిపి మిషనును కిటికీ కిందికి చేర్చాను.

తర్వాత చాయ్ హోటల్లో ఆ బజ్జీల కథ అల్లి చెప్పింది నేనేనని ప్రెస్సాయనకు మాత్రం రాష్ట్రం వచ్చిన నెలలో గానీ చెప్పలేకపోయాను. అన్నాళ్లూ ఆ హోటల్లో ఎవరికి కనిపించినా "బజ్జీలన్నా" అనే పిలిచేవాళ్లు ఆయన్ని.

"మూడేండ్ల సంది నా పేరు ఖరాబు జేసి గిప్పుడు జెప్తున్నవా? ముందుగాల బజ్జీలు తెప్పియ్," అన్నాడు.

తెప్పించాను.