మా మిద్దె మీద సోలార్ చర్చలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు మద్రాసులో (మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ చెన్నై అనరు) రెండే రకాల ఇళ్ళు కనిపించేవి: పైన సోలార్ ప్యానెళ్ళు ఉన్నవి, లేనివి. లోకల్ రైల్లో కిటికీ పక్కన నిలబడి జనాల మిద్దెలే చూస్తూ పోయేదాన్ని. ఆరేసిన చీరలు, నీళ్ళ ట్యాంకులు, కాలు విరిగిన కుర్చీలు. ఇంత మంచి ఎండను తీసుకుపోయి విరిగిన కుర్చీల మీద పారబోస్తున్నారే అని నిజంగానే బాధపడేదాన్ని. ఆ వయసులో మనకు జీతమిచ్చే వస్తువే లోకాన్ని ఉద్ధరించే వస్తువని ఒక నమ్మకం ఉంటుంది. తర్వాత నమ్మకం తగ్గుతుంది, జీతం పెరుగుతుంది.

మా కంపెనీ మాధవరంలో ఒక టైర్ల కొట్టు మీద రెండు గదుల్లో ఉండేది. ఆ భవనం మీద మాత్రం ప్యానెళ్ళు లేవు (ఓనరు ఒప్పుకోలేదు). మా మేనేజరు గుంటూరు నుంచి వచ్చిన మనిషి, ఎంత చెడ్డ వార్తనైనా పెళ్ళి పిలుపులాగా చెప్పేవాడు. చేరిన వారానికే నన్ను పిలిచి, "చూడమ్మాయ్, మొదటి ఆర్డరు ఎప్పుడూ సొంతింటి నుంచే రావాలి. ఇంట్లోవాళ్ళే నిన్ను నమ్మకపోతే ఊళ్ళోవాళ్ళు ఎందుకు నమ్ముతారు? ప్రొబేషన్ అయ్యేలోపు తెచ్చెయ్. తేలేదనుకో, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ చివరి మాట చాలా ఆప్యాయంగా అన్నాడు.

ఆయనకు మా ఇంటి సంగతి తెలియదు. వాషర్‌మెన్‌పేట్‌లో మాది పాత ఇల్లు. కింద పెద్దనాయన, పెద్దమ్మ. పైన నాయన, అమ్మ, నేను. వీధి చివర పెద్దనాయనకు మేకులూ బోల్టులూ అమ్మే కొట్టు ఉంది. నాయన పప్పుల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు చూసేవాడు. అన్నదమ్ములిద్దరూ నాలుగేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. కారణం ఆస్తి కాదు, అంతస్తు కాదు. నెల్లూరులో ఒక బంధువుల పెళ్ళికి ఏ రైల్లో పోవాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, చెరొక రైలెక్కి, ఇద్దరూ ముహూర్తానికి అందలేదు. నీ వల్లనంటే నీ వల్లనని అక్కడే పెళ్ళి పందిట్లో మాటలు ఆపేశారు. వేరు వేరు రైళ్ళలో పోయినవాళ్ళు ఒకరి వల్ల ఒకరు ఎలా ఆలస్యమయ్యారో నాకు ఇంజనీరింగు చదివినా అర్థం కాలేదు.

అమ్మా పెద్దమ్మా మాత్రం మామూలుగానే ఉండేవాళ్ళు. సాంబారు గిన్నె మెట్లెక్కేది, పులుసు గిన్నె మెట్లు దిగేది. మగవాళ్ళ మధ్య మాటలు మోసే పని నాది. పొద్దున మోటారు స్విచ్చి మీద చెయ్యిపెట్టుకుని నాయన నిలబడి ఉంటే, రెండడుగుల దూరంలో పెద్దనాయన నాతో, "పాపా, ట్యాంకు నిండిపొయ్యింది, మోటారు ఆపమని మీ నాయనకు చెప్పు" అనేవాడు. "ఆపేసినానని చెప్పు పాపా" అనేవాడు నాయన. నేను ఇంట్లో లేనప్పుడు ఇద్దరూ గేటుకు చెప్పేవాళ్ళట.

మిద్దె కూడా రెండు భాగాలే. గీత ఏమీ గీయలేదు గానీ, మెట్ల గది నుంచి ఎదుటి పిట్టగోడ దాకా ఒక హద్దు ఉందని కాకులకు తప్ప అందరికీ తెలుసు. ఒక ఆదివారం టేపు, దిక్సూచి పట్టుకుని పైకెక్కి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీడలు ఎటు పోతాయో చూశాను. మా సగం మీద మధ్యాహ్నం దాటితే పక్క అపార్ట్‌మెంటు నీడ పడుతుంది. వాళ్ళ సగం మీద పొద్దున పూట ట్యాంకు నీడ. రోజంతా ఎండ తగిలే చోటు ఒకటే: సరిగ్గా మధ్యలో, హద్దు మీద.

నాయనను అడిగాను. "నాదేముండాది పాపా, మీ పెద్దనాయన సరే అంటే సరే. ఆయన అనే రకం కాదు గానీ" అన్నాడు. కిందికి దిగి పెద్దనాయనను అడిగాను. "మీ నాయన సరే అంటే నేనేమన్నా అడ్డం పడతానా? ఆయన అనడు. చిన్నప్పట్నించీ అంతే" అన్నాడు. అంటే ఇద్దరూ ఒప్పుకున్నట్టే, పని మాత్రం అయ్యేది కాదు. ఈ స్థితికి కాలేజీలో ఏ పేరు పెట్టారా అని ఆలోచించి, గుర్తురాక, మేనేజరును ఇంటికి పిలిచాను.

ఆయన ఆదివారం సాయంత్రం చొక్కా టక్ చేసుకుని వచ్చాడు. మిద్దె మీద పెద్దనాయన తన సగంలో కుర్చీ వేసుకున్నాడు, నాయన తన సగంలో. మేనేజరు ఆ హద్దు సంగతి తెలియక మధ్యలో నిలబడి, అటూ ఇటూ తిరుగుతూ గంగాళంలో గరిటెలాగా ఉపన్యసించాడు. మొదటి ప్రశ్న పెద్దమ్మ అడిగింది. "ఏం సార్, ఉండే ఎండంతా ఆ అద్దాలే లాగేసుకుంటే ఇంగ మా బట్టలు ఎట్ల ఆరేది?" మేనేజరు చాలాసేపు వివరించాడు. పెద్దమ్మ అంతా విని, "అది సరి, బట్టలు ఎట్ల ఆరేది?" అంది. ఆయన చొక్కా వీపున తడిసింది.

అప్పుడు పెద్దనాయన గొంతు సవరించుకున్నాడు. "పాపా, మీ సారును అడుగు. కరెంటు పోయినప్పుడు ఇది ఫ్యాను తిప్పుతాదా?"

మేనేజరు ఒక్క క్షణం నా వైపు చూశాడు. "తిప్పదండీ. లైన్లో కరెంటు లేకపోతే ఇదీ దానంతటదే ఆగిపోతుంది. స్తంభాల మీద పనిచేసేవాళ్ళకు షాకు కొట్టకుండా ఆ ఏర్పాటు. బ్యాటరీ పెట్టుకుంటే అది వేరే సంగతి."

"అంటే," అన్నాడు పెద్దనాయన మెల్లగా, "కరెంటు ఉన్నప్పుడు కరెంటిస్తాది. లేనప్పుడు ఇయ్యదు."

"ఒక రకంగా చెప్పాలంటే అంతేనండీ."

"అదే గదన్నా!" అని నాయన కుర్చీలోంచి లేచాడు. "నేనూ ఆ మాటే అడగాలని అప్పట్నించి చూస్తాండా!"

మజ్జిగ గ్లాసుల పళ్ళెంతో వస్తున్న అమ్మ మెట్ల గది గుమ్మంలోనే ఆగిపోయింది. నాలుగేళ్ళలో నాయన నోటి నుంచి 'అన్నా' అనే మాట రావడం అదే మొదలు. వచ్చేసిందని ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది, లేచినవాడు కూర్చోవాలో నిలబడాలో తేల్చుకోలేక కుర్చీ పట్టుకున్నాడు. పెద్దనాయన నీళ్ళ ట్యాంకు వైపు తిరిగాడు. తర్వాత ట్యాంకుతోనే అన్నట్టు, "అడగాల్సింది గదరా. ఆ మనిషికి ఇంత చెమట పట్టకుండా ఉండును" అన్నాడు. మేనేజరు మాత్రం ఏమీ గమనించక ఇన్వర్టరు గ్యారంటీ గురించి మొదలుపెట్టాడు. దాన్ని ఎవరూ వినలేదు. ఇంటికి పోయేటప్పుడు గేటు దగ్గర ఆయన నాతో, "దెబ్బతిన్నాం అమ్మాయ్" అన్నాడు. నేను ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను. వెనక్కి తిరిగితే అమ్మా పెద్దమ్మా మెట్ల మీద కూర్చుని కొంగులతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. ఆర్డరు పోయినందుకు అంత బాధ పడుతున్నారని నేను వాళ్ళను ఓదార్చాను.

మర్నాటి సాయంత్రం నుంచి అన్నదమ్ములిద్దరూ మిద్దె మీద సోలార్ గురించి చర్చించుకోవడం మొదలుపెట్టారు. మొదట్లో కుర్చీలు ఎవరి సగంలో వాళ్ళవే. తర్వాత వినిపించడం లేదని దగ్గరికి జరిగాయి. ఏ దిక్కుకు తిప్పాలి, ఎంత వాలు ఉండాలి, ఎంత ఎత్తు ఉండాలి. తుపాను చర్చ ఒక్కటే వారం నడిచింది.

"గాలికి లేచిపోతే ఏ పక్కకి పోతాయిరా?"

"సముద్రం గాలి గదన్నా, పడమటికే."

"పడమట డాక్టరిల్లు ఉండాది."

"ఆయన మంచోడే. ఏమీ అనడు."

"ఏమీ అనడా? నెత్తిన అద్దం పడితే ఎవడైనా ఏదో ఒకటి అంటాడు గదా!"

వేరేవాళ్ళ ఇళ్ళలో చూసొద్దామని ఇద్దరూ నాయన స్కూటరు మీద బయల్దేరడం కూడా మొదలైంది. మనలిలో నాయన పనిచేసే కొట్టు యజమాని బంధువుల ఇంటికి పోయి, ఫ్యాక్టరీల దుమ్ము ప్యానెళ్ళ మీద ఎలా పేరుకుంటుందో వేలితో గీసి చూసి వచ్చారు. ఆ దుమ్ము మన వీధి దాకా వస్తుందా రాదా అన్నది మరో వారం. మాధవరంలో ముక్కూమొహం తెలియని వాళ్ళ గేటు తట్టి మిద్దె ఎక్కి, టిఫిను చేసి వచ్చారు. మేనేజరుకు ఈ కబుర్లు చెబితే, "కస్టమర్లు వేడిమీదున్నారు, సంతకం పెట్టించెయ్" అన్నాడు. పెట్టించడం నా వల్ల కాలేదు. ఇద్దరూ దిక్కు విషయంలో ఒక మాటకు వచ్చేసరికి పెద్దమ్మ పైకి వచ్చి, "అద్దాల కింద పావురాళ్ళు గూళ్ళు కడతాయంట గదా?" అనేది. పావురాల సంగతి తేలేసరికి అమ్మ వచ్చి, "బరువుకు స్లాబు కారదా?" అనేది. నా ఇంట్లోనే నాకు ఇద్దరు శత్రువులున్నారని అర్థమైంది. ఎందుకున్నారో అర్థం కాలేదు.

ప్రొబేషన్ ముగిసే వారం వచ్చింది. మేనేజరు ఉదయాన్నే పిలిచి, మళ్ళీ ఆప్యాయంగా మాట్లాడాడు. ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా సరిగ్గా విడవకుండా మెట్లెక్కాను. అవునో కాదో ఈ రోజు తేల్చాల్సిందే. మెట్ల మలుపులో అమ్మా పెద్దమ్మా బియ్యం ఏరుకుంటూ కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"యాడికే?"

"తేల్చుకోడానికి. నా ఉద్యోగం పోతుంది పెద్దమ్మా!"

"తేల్చినాక వాళ్ళేం మాట్లాడుకుంటారు?" అంది పెద్దమ్మ.

అమ్మ తలెత్తకుండానే, "ఇంకొన్నాళ్ళు పోనీమ్మా. ఇప్పుడిప్పుడే మీ నాయన రాత్రిపూట సరిగ్గా నిద్రపోతాండాడు" అంది. ఎండ, బట్టలు, పావురాలు, స్లాబు అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. మొదటి రోజు బట్టల ప్రశ్న నిజంగా అడిగిందా అని పెద్దమ్మను తర్వాత చాలాసార్లు అడిగాను. నవ్వేదే గానీ చెప్పేది కాదు.

పైన ఇద్దరూ పిట్టగోడకు ఆనుకుని ఉన్నారు. నన్ను చూడగానే నాయన, "వచ్చినావా పాపా, అన్నీ అయిపోయినట్టే. నువ్వు చెప్పినట్టే మధ్యలో పెట్టేస్తాం. అన్న కూడా సరేననేసినాడు" అన్నాడు. పెద్దనాయన జేబులోంచి పెన్ను తీశాడు. సంచీలో కాగితాలు ఉన్నాయి. నేను ఆ పెన్నును చూశాను, పక్కపక్కన ఉన్న రెండు ఖాళీ కుర్చీలను చూశాను. ఏ పుణ్యాత్మురాలు నా నోట మాట్లాడిందో గానీ, "అంతా బాగుంది పెద్దనాయనా. కానీ బ్యాటరీ సంగతి మీరు ఆలోచించనే లేదే?" అన్నాను.

పెద్దనాయన పెన్ను మూత పెట్టాడు. "చూసినావారా," అన్నాడు నాయనతో. "అసలు దాన్నే మర్చిపొయ్యినాం."

బ్యాటరీ మీద వర్షాకాలం మొత్తం గడిచింది. నా ప్రొబేషన్ పొడిగించారు. ఆ పొడిగింపులో వేరే చోట ఒక ఆర్డరు వచ్చి ఉద్యోగం నిలబడింది, దాంట్లో మా ఇంటివాళ్ళ గొప్పతనం ఏమీ లేదు. మరుసటి వేసవిలో మా మిద్దె మీద ప్యానెళ్ళు లేచాయి (బ్యాటరీ లేకుండా). అవి బిగించిన సాయంత్రం ఇద్దరూ పైకి పోయి చూసి వచ్చారు. ఆ మర్నాడు ఎవరూ పోలేదు. ఆ తర్వాతి రోజూ పోలేదు. నాయన టీవీ పెట్టుకున్నాడు. పెద్దనాయన కొట్టు ఆలస్యంగా మూశాడు. అమ్మా పెద్దమ్మా నన్ను చూసే చూపులో నిందలాంటిది ఉండేది. అలా వారం తిరక్కముందే వీధిలోంచి పెద్దనాయన కేక వినిపించింది. "ఒరే, ఒకసారి రారా! ఆ మూల దాని మీద కాకి ఏం చేసిపెట్టిందో చూద్దువుగాని!" నాయన టీవీ ఆపకుండానే లేచి పోయాడు. బక్కెట్టు ఒకరు, తుడుపుకర్ర ఒకరు పట్టుకుని పైకెళ్ళారు. కాకులు అప్పటి నుంచి ఒక్క రోజు కూడా మానలేదు.

ఇప్పుడు నేను వేరే కంపెనీలో, వేరే పనిలో ఉన్నాను. సోలార్‌తో సంబంధం లేదు. మొన్న నాయన ఫోన్ చేసి, ఇంకో నాలుగు ప్యానెళ్ళు పెంచుదామని తనూ, కాదు బ్యాటరీనే పెడదామని పెద్దనాయనా అనుకుంటున్నామని, నువ్వొచ్చి ఒక మాట చెబితే తేలిపోతుందని అన్నాడు. పోయాను. ఇద్దరూ చెరో వైపు నుంచి గంటసేపు వాదించి, చివరికి నా మొహం చూశారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ పిల్ల అయితే రెండు నిమిషాల్లో సరైన సమాధానం చెప్పేది. ఆ సమాధానం నాకు ఇప్పటికీ తెలుసు. పాపం, ఆ పిల్ల అది తెలిస్తే చాలనుకునేది. "రెండింట్లోనూ న్యాయం ఉంది. తొందరపడే విషయం కాదు" అన్నాను. ఇద్దరూ చాలా సంతోషించి, నేను అక్కడున్నట్టే మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టారు. వాళ్ళ టీలు చల్లారిపోతున్నాయని చెప్పడానికి నోరు తెరిచి, మూసుకుని, కిందికి దిగి వచ్చాను.