మా చెలక గట్టు మీది పుట్ట

మొన్న నాలుగు రోజులు విడవకుండా పట్టిన ముసురు వెలిసిన తెల్లారి, స్టేషన్ ఘన్‌పూర్‌లోని మా ఇంటి పెరట్లో నిమ్మచెట్టు కింద ఒక వింత మొలిచింది. ముందురోజు అక్కడ కోడిగుడ్డంత తెల్లటి ముద్ద కనబడితే పిల్లి ఏదో తెచ్చి పడేసిందనుకుని పట్టించుకోలేదు. తెల్లారేసరికి ఆ గుడ్డు పగిలి, లోపలి నుంచి జానెడు కాడ లేచి, నెత్తిన నల్లటి జిగురు టోపీ పెట్టుకుని, దాని అంచు నుంచి తెల్లటి జాలీ పావడా ఒకటి కిందికి జారవిడుచుకుని నిలబడి ఉంది. చూడ్డానికి పెండ్లికూతురే గాని, కంపు మాత్రం ఎలుక చచ్చినట్టుంది. ఈగలు అప్పుడే చుట్టాల్లా దిగాయి.

మానుకోటలో సైన్సు టీచరుగా ఉన్న మా చిన్నకూతురు ఆదివారమని వచ్చి ఉంది. తను సెల్‌ఫోనుతో దానికి ఫొటో తీసింది, ఫోను నా నోరు తిరగని పేరొకటి చెప్పింది. మనకు కనబడేది దాని పువ్వో పండో లాంటిదేననీ, అసలు ఒళ్లంతా నేల లోపల దారాల్లా పాకి ఉంటుందనీ మా కూతురు నన్ను కూడా తన ఏడో తరగతిలో కూర్చోబెట్టి చెప్పినట్టే చెప్పింది. నేను ఊఁ కొడుతున్నాను గాని నా చూపు అక్కడ లేదు. దానికి రెండడుగుల దూరంలో, ఎరువు కుప్ప పక్కన, అరచేయంత తెల్లటి గొడుగులు నాలుగు విచ్చుకుని ఉన్నాయి. కూతురు పుల్లతో ఒకదాన్ని తిరగేస్తే అడుగున లేత పచ్చరంగు తిరిగి ఉంది. ఫోను దాని పేరూ చెప్పి, ఇది విషమనీ, మంచివనుకుని జనం మోసపోయేది ఎక్కువగా దీనితోనేననీ చెప్పింది. ఇవి నీకు ఎరుకేనా అమ్మా అని అడిగింది కూతురు. ఎరుకే. ముప్పై ఏండ్లు దాటింది ఎరుకై. బట్టలుతికే బండ మీద అట్లనే కూర్చుండిపోయాను.

మన ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, ఆషాఢం పోయి శ్రావణం వచ్చే సందులో ఉరుము ఉరిమిందంటే మన నోట్లో నీళ్లూరేవి. పుట్టల మీద లేచే పుట్టగొడుగులను మా వైపు పుట్టకొక్కులంటాం. మొగుళ్లపల్లి దగ్గరి మా ఊళ్లో, వాన మీదే పండే మా చెలక గట్టు మీద నడుమెత్తు చెదలపుట్ట ఒకటి ఉండేది. మా నాయిన తల్లిని మేము అవ్వ అనేవాళ్లం. ఆ పుట్ట అవ్వది. అంటే పట్టా ఏమీ లేదు, వాళ్ల అత్త ఆమెకు చూపించిపోయింది, అంతే. ఉరిమిన తెల్లారి, కోడి కూయగానే గొంగడి కొప్పెర వేసుకుని, చిన్న వెదురు గుల్ల చంకన పెట్టుకుని అవ్వ బయల్దేరేది, వెనక నేను. పుట్ట దగ్గర మొదట కంటబడ్డ కొక్కును ముట్టేది కాదు, అది చెదలదట. లోపల వ్యవసాయం చేసేది అవి, మనం అడుక్కతినేటోళ్లం అనేది. నేను నవ్వేదాన్ని. చెదలు నిజంగానే పుట్ట లోపల దాన్ని పంటలా పెంచుకుంటాయని మొన్న మా కూతురు చెబితే మాత్రం నవ్వు రాలేదు. తక్కిన వాటిని అవ్వ వేలు దింపి, మూరెడు తోక తెగకుండా ఓపికగా పైకి తీసి, ఆ బొక్కను మళ్లీ మట్టితో పూడ్చి అరచేత్తో అదిమేది. ఇంటికొచ్చి ఉల్లిగడ్డ, పచ్చికారం వేసి వండితే జొన్నరొట్టెలోకి ఆ కూర ముందు యాటకూర కూడా దిగదుడుపే. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది, కూర మాత్రం లేదు.

ఊళ్లో ఎవరికి ఎక్కడ కొక్కులు దొరికినా కొంగున కట్టుకుని అవ్వ దగ్గరికే వచ్చేవాళ్లు. అవ్వ కొంగు విప్పి కూడా చూసేది కాదు. "ఏ పుట్టయి?" అని అడిగేది. తనకు తెలిసిన పుట్ట పేరు చెబితే వండుకోమనేది, లేకపోతే పారెయ్యమనేది. అచ్చం మన కొక్కుల్లాగే ఉన్నాయి కదా, ఒకసారి చూస్తే ఏం పోతుందని నేను వాదించేదాన్ని. "మొఖం జూసి పిల్లనిస్తమా? ఇల్లు వాకిలి అడుగుతం గద" అనేది. ఇదంతా ముసలమ్మ పెద్దరికం అనుకున్నాను. ఆ ఒక్క ప్రశ్నలోనే ఆమె విద్యంతా ఉందని తెలిసేసరికి చేతులు కాలాయి.

పెండ్లయి భూపాలపల్లి వచ్చాను. మా ఆయనకు బొగ్గుబావిలో కొలువు, రెండు గదుల క్వార్టరు, వెనక వంకాయ మొక్కలు పెట్టుకునేంత జాగా. చిన్నతనంలోనే తల్లి పోయినదాన్ని కాబట్టి నా మూడో కాన్పుకు అవ్వే వచ్చింది. ఇదిగో, ఈ సైన్సు టీచరే ఆ కాన్పు. పిల్లకు రెండు నెలలు నిండకముందే వానలు మొదలయ్యాయి. ఉరిమిన ప్రతిసారీ అవ్వ చేతిలో పని ఆపి, మొగుళ్లపల్లి ఎటు ఉందో అటు చూసేది. "గీపాటికి మన పుట్ట పగిలుంటది బిడ్డా. పొద్దుగాల్ల బస్సుకు పోయి ఎల్లుండి మళ్లొచ్చి మోపైత" అంది ఒకరోజు. పోతే నాయిన ఆపుతాడనీ, చెలకపనులు ఆపుతాయనీ, ఇక రాదనీ నా భయం. ముగ్గురు పిల్లలతో నేను ఒక్కదాన్ని ఎట్లా వేగాలి? నిజం చెప్పాలంటే ఆ రోజు నేను ఆలోచించింది నా గురించే.

ఆ మరునాడే వంకాయ మొక్కల పక్కన కొక్కులు తెల్లగా విచ్చుకుని కనబడ్డాయి. అడుగు కూడా తెల్లగానే ఉంది, పచ్చరంగు ముదిరాక గాని తిరగదట, ఇది ఇప్పుడు తెలిసిన మాట. మంచివో చెడ్డవో అని పక్క క్వార్టరు అక్కను అడిగితే, వెండి వేసి ఉడకబెట్టు, విషమైతే వెండి నల్లబడతదని చెప్పింది. మట్టె తీయొద్దంటారు, అయినా తీసి గిన్నెలో వేశాను. మట్టె తెల్లగానే తేలింది. వెండికీ ఈ విషానికీ ఏ సంబంధమూ లేదని ఆనాడు మాకెవరికి తెలుసు? అవ్వ పిల్లకు స్నానం పోస్తుండగా కాడలన్నీ మొదలంటా కోసి పారేశాను, తోక లేదని పట్టుకుంటుందని. ఇది తింటే ఇక ఊరి మాట ఎత్తదని సన్నగా తరిగి కూర వండాను.

కంచం ముందు పెట్టగానే అవ్వ అడిగే మాట నాకు తెలుసు. "ఏ పుట్టయి బిడ్డా?" అంది. మన చెలక పుట్టవే, ఊరి నుంచి అన్న మొదటి బస్సుకు పంపించిండని చెప్పాను. ఇంకో మాట అడగకుండా తిన్నది. రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నది. రుచి కొంచెం తేడాగా ఉంది, నాలుక ముసలిదైంది కావొచ్చని తనలో తనే నవ్వుకుంది. నేను ముట్టలేదు. బాలింతలు కొక్కులు తినొద్దని ఆమె పెట్టిన పథ్యమే, పెద్దపిల్లలకు కారమని పెట్టలేదు. మా ఆయన మొదటి షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికే అవ్వ వాంతులతో, విరేచనాలతో నేలకు అతుక్కుపోయి ఉంది. మిగిలిన కూర ఎవరూ ముట్టకుండా పారబోసి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం.

మూడు రోజులు సెలైన్లు ఎక్కించారు. ఎక్కడి కొక్కులని డాక్టరు నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మంచం మీది నుంచి అవ్వ సన్నటి గొంతుతో "మా పుట్టయే సారూ, మా అత్త చూపిచ్చిన పుట్ట" అంది. చంకలో పిల్లతో అక్కడే నిలబడి ఉన్నాను. అప్పుడు చెప్పాల్సింది. మా ఆయన ముందు, నర్సమ్మల ముందు, ముసలిదానికి అబద్ధం చెప్పి విషం పెట్టానని ఎట్లా చెప్పను అనుకున్నాను. చూడ్డానికి వచ్చిన అన్నను మాత్రం వరండాలోకి పిలిచి ఏడ్చి చెప్పుకున్నాను. "బతికింది గద, ఇగ ఊకో. ఎవరడిగినా పంపింది నేనే అని చెప్త" అన్నాడు. ఆ నింద తన మీద వేసుకుని అన్న ఇన్నేండ్లూ మోశాడు.

బతికితే చాలనుకున్నాం. అవ్వ ఊరికి పోయి ఏం చేసిందంటే, ఇంటింటికీ తిరిగి మా పుట్ట చెడ్డది, దాని కొక్కులు ఎవ్వరూ తినొద్దని చెప్పింది. ఎవరి పిల్లలైనా తెలియక తింటారేమోనని మా నాయినతో గడ్డపారలు పెట్టించి ఆ పుట్టను నేలమట్టం చేయించింది. తవ్వుతుంటే చూడలేక ఇంట్లోనే కూర్చుందట. ఆ తరువాత ఎవరు కొంగు పట్టుకొచ్చినా, నాకేం తెలుసు పొండ్రి, నా పుట్టే నాకు తెల్వలేదు అనేదట.

మరుసటి వానకాలం పిల్లను ఎత్తుకుని ఊరికి పోయాను, ఈసారి చెప్పి తీరాలని. బస్సులో మాటలన్నీ కూర్చుకున్నాను. మబ్బు పట్టి ఉరుముతోంది, అవ్వ గడపలో కూర్చుని ఉంది, పక్కన గొంగడి లేదు, గుల్ల లేదు. నా కూతుర్ని ఒళ్లోకి తీసుకుని తల నిమురుతూ "నువ్వు తినకపోవుడే మంచిగైంది బిడ్డా. పాలు తాగే పిల్లకు ఏమైనా అయితే నేను బతుకుదునా" అంది. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ అట్లనే తిరుగు బస్సులో వెనక్కి తెచ్చుకున్నాను. మరి మూడేండ్లకు అవ్వ పోయింది, తన పుట్టే తనను మోసం చేసిందనుకుంటూ పోయింది.

మొన్న బట్టలబండ మీద కూర్చుని ఇదంతా మొదటిసారి నా కూతురికి చెప్పాను. అది విని, పైన పుట్టను తవ్వినా అడుగున గూడు బతికే ఉండొచ్చమ్మా, పోయి చూద్దామా అంది. ఆ చెలక అమ్ముడుపోయి చాన్నాళ్లయింది, గట్టుతో సహా దున్ని పత్తి పెట్టారు, మందులు కొడుతున్నారు. ఏం చూస్తాం? ఆ నాలుగు తెల్లవాటినీ గుంట తీసి పూడ్చాం. జాలీ పావడాది సాయంత్రానికి దానంతటదే ఒరిగిపోయింది.

ఇప్పుడు కొక్కులు బజారులో ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తున్నాయి, అన్నీ ఒకే సైజు, కడిగినట్టు తెల్లగా. మా కోడలు తెచ్చి వండుతుంది, బాగానే ఉంటాయి, నేనూ తింటాను. తెలియనిది మొలిస్తే పేరు చెప్పడానికి ఫోనుంది, అదీ మంచిదే. కాని ఉరిమిన రోజు కంచం ముందు కూర్చుంటే నా చేయి కాసేపు ఆగుతుంది. ఏ పుట్టయి బిడ్డా అని అవ్వ ఒక్కసారి అడిగితే బాగుండు. పెరట్లవి అవ్వా, మన పుట్ట మంచిదే అని చెబుదును.