గేములోకి పోయిన నాయన కేక

2024లో నేను మార్కాపురంలో ఒక గది అద్దెకు తీసుకుని, సైన్స్ ఫిక్షన్ వీడియో గేములకు సమీక్షలు రాస్తుండేవాణ్ణి. బెంగళూరులోని ఒక వెబ్ పత్రిక నా రాతలు వేసుకునేది. సొంతూళ్లో మాత్రం నేను బ్యాంకు పరీక్షలకు చదువుతున్నట్టు లెక్క. ఆ మాట పుట్టించింది మా నాయన కాశయ్యే. అర్ధవీడు పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే మనిషి, ముప్పై దాటిన కొడుకు ఆటలాడి బతుకుతున్నాడని నలుగురిలో ఎట్లా చెప్పుకుంటాడు? చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉండేది.

అంతరిక్ష నౌకల మీద, రోబోల మీద రాసేవాళ్లు కోకొల్లలు. ఆ గుంపులో నన్ను పట్టించుకునే దిక్కే లేదు. ఒకసారి ఎడిటర్ ఒక గేము రివ్యూ బిల్డ్ పంపారు. అంటే విడుదలకు ముందే విలేకరులకు ఇచ్చే ప్రతి. అందులో వేరే గ్రహం మీద గొర్రెల మందను పెంచాలి. మీట నొక్కితే చాలు, ఆ గొర్రెలు బొమ్మల్లా వాగులో దిగిపోతున్నాయి. నీళ్లను చూసి ఒక్కటీ జంకదు! ఒళ్లు మండి, గేమును దులిపేశాను.

ఎడిటర్ ఫోన్ చేశారు. "గొర్రెల మీద ఇంత కోపంగా రాసినవాణ్ణి నేను చూడలేదయ్యా. ఇకనుంచి జంతువులున్న గేములన్నీ నీకే."

అలా నాకంటూ ఒక చోటు దొరికింది.

సమీక్ష చదివిన గేము కంపెనీవాళ్లు నిజమైన కాపరి కేక ఒకటి కావాలన్నారు. "ఇస్తే ఆ గేము మీద మళ్లీ రాయకూడదు మరి" అన్నారు ఎడిటర్. సరేనని నాయనను అడిగితే నవ్వాడు.

"అరుపే గదరా, ఫోన్లో పట్టుకో. నా పేరు మాత్రం యాడా పెట్టొద్దు."

పెట్టలేదు. పేరు లేని గొంతు ఎవరిదో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. గొర్రెల ఊళ్లో పుట్టినవాడి తెలివి అది! అక్కడ ఒక్కో కాపరికి ఒక్కో కేక. నాయనది మా తాత దగ్గర నుంచి వచ్చింది. మంద తన మనిషిని గుర్తుపట్టేది దాంతోనే.

ఆ ఏడాది చివర్లో గేము ఫోన్లలోకి వచ్చింది. నేను పల్లెకు వెళ్లిన ఒక సాయంత్రం, నాయన మంద కట్టింది ఊరి వరసన నాకు మామయ్యే కోటిరెడ్డి చేలో. ఎరువు కోసం రైతులు కోత అయిన చేలో అలా గొర్రెలను పడుకోబెట్టించుకుంటారు. మామ గట్టు మీద కూర్చుని ఫోన్లో ఏదో ఆడుకుంటున్నాడు. ఉన్నట్టుండి అందులోంచి నాయన కేక వినపడింది. పడుకున్న గొర్రెలన్నీ లేచి, దడి తోసుకుని వచ్చి మామ చుట్టూ మూగాయి.

"ఏంది బావా, నువ్వు దీంట్లో ఉండావు?" అన్నాడు మామ, ఫోను పైకెత్తి.

నాయన తల దించుకున్నాడు. "మావోడు ఇచ్చినాడులే. వాడు గేముల మీద రాస్తాడు."

"మరి బ్యాంకు పరీక్షలు?"

"అవేం లేవు. సిగ్గయి అట్ల చెప్పినా."

మామ ఫోను జేబులో పెట్టుకున్నాడు. నాలుగు మాటలు అన్నా బాగుండేది. నా మూలాన నాయన తలవంచుకుని గొర్రెలను వెనక్కి తోలుతుంటే, సాయం వెళ్లడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

ఆ తర్వాత ఎవరి ఫోన్లో కేక మోగినా మంద అటే పరుగెత్తేది. తీసేయమని కంపెనీని బతిమాలాను. ప్యాచ్‌లో, అంటే గేముకు తర్వాత వేసే సవరణలో, తీసేశారు. మా పల్లెలో మాత్రం ఎవరూ ఆ ప్యాచ్ ఎక్కించుకోలేదు, కాశయ్య కేక పోతుందని!

ఇప్పుడు ఏ గేము చేతికొచ్చినా కంపెనీని ముందు ఇదే అడుగుతాను: ఈ గొంతు ఎవరిది, మీకిచ్చాక ఆ మనిషికి ఏం మిగిలింది? ఆ కేక నాకు నేర్పిన పని అది.

చివరికి నాయనే కేక మార్చుకున్నాడు. మొన్న శివరాత్రికి వెళ్లినప్పుడు విన్నాను. గొర్రెలు తలెత్తి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు ఆయన్ని చూసి, మళ్లీ మేతలో పడ్డాయి.

"అలవాటు పడతాయిలేరా" అన్నాడు నాయన, నా వైపు చూడకుండా.