వేపమొద్దుకు కొసరు

వంశీధర్‌రావుకు కొసరు ఇవ్వకుండా వస్తువు అమ్మగలిగిన మనిషి ఖానాపూర్‌లో పుట్టలేదు. ధర దగ్గర పెద్దగా పేచీ పెట్టేవాడు కాదు. ధర తేలాకే ఆయన అసలు పని మొదలయ్యేది. "కొసరేది?" అనేవాడు. వంకాయలకు అడిగితే సరే. డాక్టరు అయిదు రోజులకు గోలీలు రాస్తే ఆరో రోజువి కొసరు అడిగాడు. ఆదిలాబాద్ నుంచి వచ్చే బస్సులో టికెట్ తీసుకుని, "జర మా గల్లీ దాక పోనియ్యి, కొసరు," అన్నాడు కండక్టరుతో. పంతులు సత్యనారాయణ వ్రతకథ అయిదు అధ్యాయాలూ చదివి పుస్తకం మూస్తే, "ఆరోది?" అన్నాడు.

ఆయన భార్య సరళాదేవికి ఇదంతా తల కొట్టేసినట్టుండేది. ఆయనతో కలిసి బట్టల దుకాణం మెట్లెక్కడం ఎప్పుడో మానేసింది.

ఒక ఎండాకాలం గాలిదుమారానికి వాళ్ల ఇంటిముందరి వేపచెట్టు మధ్యకు విరిగింది. కొమ్మలూ మానూ కోయించారు. మొద్దు మాత్రం గేటు పక్కన, పొరుగింటి గులాం నబీ వంటింటి మట్టిగోడను ఆనుకుని మిగిలిపోయింది. చెట్టున్నప్పటి నుంచీ దానివల్ల గేటు సగమే తెరుచుకునేది. మోకాలి ఆపరేషనైన సరళాదేవి రోడ్డు మీదే ఆటో దిగి, బురదలో మొద్దును చుట్టుకుని రావాలి. ఒకసారి జారిపడింది కూడా.

"మల్ల వానలు పడేలోపల ఈ ఇంట్ల ఆ మొద్దన్న ఉండాలె, నేనన్న ఉండాలె," అందామె.

"బేరం చేస్తున్న గదా."

"మీ బేరం తెగేసరికి దానికి చిగురొస్తది."

గొడ్డలి పట్టుకుని మల్లన్న వచ్చాడు. అతను చెప్పిన కూలికి రావు ఒక్క మాటలో ఒప్పుకున్నాడు. లోపల సరళాదేవి దేవుడికి దండం పెట్టుకునేలోపే, "కొసరేది?" అని వినపడింది.

"మొద్దుకు కొసరేంది సారూ? ఇంకో మొద్దు తెచ్చియ్యాల్నా?"

"మొద్దు తీసినంక గుంత మిగుల్తది. నాకెందుకది? గుంత గూడ తీస్కపో."

మల్లన్న గొడ్డలి భుజాన వేసుకుని, గల్లీ మలుపు దాకా వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లిపోయాడు. మొద్దును కాల్చేస్తానని ఇంకొకడు వస్తే, ఆ పొగకు గల్లీలోని దోమలన్నీ చావాలన్నాడు రావు. వాడూ మళ్లీ కనపడలేదు.

గోడ అవతల గులాం నబీకి ఇది మంచి వినోదం. ఆయన టైలరు. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక మిషను చప్పుడు తగ్గింది గానీ మనిషి తల వంచలేదు. రావు ఇంటినుంచి గిన్నెడు పప్పు వెళితే, మర్నాడు అదే గిన్నెలో ఖీర్ వచ్చి తీరాల్సిందే.

"రావుసాబ్, మీకు అల్లా జన్నత్ ఇచ్చినా కొసరేదంటరు!"

"అడుగుతె పోయేదేముంది నబీ భాయ్? ఇచ్చెటోడు ఇస్తడు."

చివరికి జేసీబీ వేసుకుని రంజిత్ వచ్చాడు. ఊళ్లో అన్నీ కనుక్కుని వచ్చిన పిల్లాడు.

"మీరెంతంటె గంత సారూ."

"గుంతో?"

"పూడుస్త."

"మట్టి?"

"నేనే పోయిస్త."

"మొద్దు కట్టెలు?"

"చీరిపిచ్చి మీ పొయ్యికాడ పెట్టిస్త."

రావు మొహం వాడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆయనకు అడగడానికి కొసరు దొరకని రోజు అదే. ఆయన ఆలోచిస్తుండగానే జేసీబీ పళ్లు మొద్దులో దిగాయి. అంతే, నబీ గోడ పెచ్చులు పెచ్చులుగా రాలింది. లోపల గిన్నెలు దబదబా పడ్డాయి.

"ఆపు!" రావు వెళ్లి జేసీబీకి అడ్డంగా నిలబడ్డాడు.

నబీ తలనిండా మట్టితో బయటికొచ్చాడు. "కానియ్యండి రావుసాబ్! మొద్దు ఏర్లు గోడ కిందికొచ్చినయ్. పడ్తె పడనియ్యండి, మల్ల కట్టుకుంట. నా గురించి ఫికర్ వద్దు."

"నీ గోడ ముచ్చట ఎవరు తీసిండ్రు భాయ్? ఈడ బేరం కాలే!"

"అయ్యింది గద సారూ!" అన్నాడు రంజిత్.

రావు జేసీబీ ముందునుంచి కదల్లేదు. మెట్ల మీద నిలబడ్డ సరళాదేవి ఆయన మొహం చూసింది, బీటలిచ్చిన గోడను చూసింది. వచ్చినవాళ్లందరినీ ఆయన ఎందుకు తరిమాడో అప్పుడు తెలిసింది. గోడ కోసమని ఒక్క మాట బయటపెడితే నబీ తన చేత్తోనే దాన్ని కూలగొట్టుకుంటాడు. ఆమె మోకాలు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగింది.

"ఏడయ్యింది బేరం? పూడ్చిన గుంతల మొక్క పెట్టాలె," అంది.

"పెడ్త అమ్మా."

"అది మానైందాక రోజూ వచ్చి నీళ్లు పొయ్యాలె. దసరా నాడు గూడ."

రంజిత్ ఆమెను చూశాడు, రావును చూశాడు. "సారొక్కడే గిట్ల అనుకున్న," అని గొణిగి, బండి వెనక్కి తిప్పాడు.

వానలకు ముందే సరళాదేవి గేటును ప్రహరీ అటు చివరికి మార్పించింది. ఆటో మెట్ల దాకా వచ్చింది. వెల్డింగ్ అతను అడిగింది మొద్దు తీయించే ఖర్చుకు నాలుగింతలు. రావు జేబులోంచి తీసి ఇచ్చాడు. కొసరు అడగలేదు.

గోడ మీంచి చూస్తున్న నబీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా రావుసాబ్‌ను వెల్డింగోడు నిలువునా ముంచిండు!" అని ఖానాపూర్ అంతా చాటాడు. రావు పోయేదాకా ఆ కథ చెప్పడం మానలేదు. విన్న ప్రతిసారీ రావు, "ఏం జేద్దాం భాయ్, మోసపోయిన," అని తల గోక్కునేవాడు.

"మా ఇంట్ల మొద్దులు రెండున్నయ్ భాయ్," అనేది సరళాదేవి చాయ్ అందిస్తూ. "రెండూ కదలయ్."