గోడ పక్క గళ్లు

మా నివేద వదిన కంప్యూటర్‌లో ఆవిరిని లెక్కగడుతుంది. అణు రియాక్టర్‌లో ప్రమాదం జరిగితే ఆవిరి, హైడ్రోజన్ వాయువు పైనున్న గుమ్మటంలో ఏ మూలకు చేరతాయో ముందుగా చూపించడం ఆమె ఉద్యోగం. గుమ్మటాన్ని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి లెక్క వేస్తుంది. శుక్రవారాలు తిరుత్తణిలో మా ఇంటినుంచే పని.

ఆ శుక్రవారం మూడు వారాల లెక్క ముగిసింది. వాయువు మండేంతగా ఎక్కడా చేరలేదని వచ్చింది. సాయంత్రం రిపోర్టు పంపితే ప్రమోషన్ ఖాయమని అన్న అన్నాడు. వదిన మాత్రం పంపకుండా తెరనే చూస్తూ కూర్చుంది.

మగ్గం మీదున్న మా నాన్న చౌడయ్య అడిగాడు. "ఏమ్మా, పేలుతుందా లేదా?"

"పేలదనే వచ్చింది మామా. అయితే గోడ చల్లగా ఉంటే ఆవిరి నీళ్లయి కారిపోతుంది, గ్యాసు ఆడనే మిగిలిపోతుంది. నేను గోడ పక్కన గళ్లు పెద్దవి పెట్టేసినాను. అందుకే కనపడలేదేమో."

"చీర బొమ్మ గీసే గ్రాఫులో గళ్లు పెద్దవి పెడితే అంచులో నెమలి యాడ వస్తుంది? కోడి వస్తుంది," అని నాన్న నవ్వాడు.

వదిన నవ్వలేదు. ఫోన్ తీసి పై అధికారితో మాట్లాడింది. "సార్, రిపోర్టు ఇప్పుడు పంపలేను. గళ్లు చిన్నవి చేసి లెక్క మళ్లీ నడపాల." అటునుంచి చాలాసేపు మాటలు వినిపించాయి. "అవును సార్, తప్పు నాదే," అంది.

రెండో లెక్కకు నెల దాటింది. గుమ్మటం పైమూలలో, గోడకు ఆనుకుని, వాయువు మండేంతగా చేరినట్టు తేలింది. ఆ ఏడు ప్రమోషన్ ఇంకొకరికి పోయింది. వదిన ఆ మూల బొమ్మను రిపోర్టు మొదటి పేజీలోనే పెట్టింది.